గీజర్ లీకేజీని కొలవకుండా ఆర్‌సీసీబీ తీసేయమన్న మీ టెక్నీషియన్ గురించి ఫిర్యాదు

సర్వీసు విభాగం మేనేజరు గారికి,

నమస్కారం. మా ఇంట్లో బిగించిన మీ కంపెనీ 2 కిలోవాట్ల గీజర్ స్విచ్ వేసిన కొద్ది నిమిషాలకే మెయిన్ బోర్డులోని 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే బ్రేకరు) ట్రిప్ అవుతోందని ఫిర్యాదు చేయగా, గత సోమవారం మీ టెక్నీషియన్ వచ్చారు. ఎలిమెంటు రెండు కొసల మధ్య మల్టీమీటరు పెట్టి, 26 ఓమ్‌లు చూపించగానే, "కాయిల్ బాగానే ఉందండీ, మీ బ్రేకరే పోయింది, అది తీయించి మామూలు ఎంసీబీ పెట్టించుకోండి" అని చెప్పి, జాబ్ షీటులో లోపం లేదని రాసి వెళ్లిపోయారు.

230 వోల్టుల మీద పనిచేసే 2 కిలోవాట్ల ఎలిమెంటుకు 26 ఓమ్‌లు రావడం సరైనదే. అయితే దానివల్ల కాయిల్ తెగలేదని మాత్రమే తెలుస్తుంది. కాయిల్ చుట్టూ ఉండే లోహపు గొట్టానికి సన్నని పగులు వచ్చి, కరెంటును గొట్టానికి తగలనివ్వకుండా లోపల నింపిన మెగ్నీషియం ఆక్సైడు పొడి తేమ పీల్చుకుంటే, కాయిల్ తెగకుండానే కరెంటు బాడీకి లీకవుతుంది. ఆ లోపాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు) కావాలి. అది మీ టెక్నీషియన్ వెంట లేదు.

మర్నాడు నేను పిలిపించిన ఎలక్ట్రీషియన్ ప్లగ్ తీసేసి, ఎలిమెంటు కొసకూ ఎర్తుకూ మధ్య మెగ్గర్‌తో కొలిస్తే, కనీసం ఒక మెగా ఓమ్ ఉండాల్సిన చోట 0.01 మాత్రమే వచ్చింది. అంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 23 మిల్లీ ఆంపియర్ల లీకేజీ. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 దాటిన తర్వాత ఎక్కడైనా ట్రిప్ కావచ్చు కనుక, అది తన పని తాను చేసింది. గీజర్ ఆపి ఉంచితే ఇస్త్రీపెట్టె, నీళ్ల మోటారు కలిసి నడిచినా అది నిలబడుతోంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆయన ఇచ్చిన సలహా. ఎంసీబీ ఓవర్‌లోడుకో షార్ట్ సర్క్యూట్‌కో ట్రిప్ అవుతుంది గాని, ఇంత చిన్న లీకేజీని గుర్తించదు. ఎర్తు వైరు ఎక్కడైనా వదులైతే ఆ కరెంటు స్నానం చేస్తున్న మనిషి ఒంటి మీదుగా పోతుంది. ఆ గదిలో స్నానం చేసేది మా అమ్మగారు, ఏడేళ్ల మా పాప.

గీజర్ ఇంకా వారంటీలోనే ఉంది కనుక ఎలిమెంటును ఉచితంగా మార్చి, బిగించాక మెగ్గర్ రీడింగును జాబ్ షీటులో అంకెలతో రాసివ్వండి. ఆర్‌సీసీబీ తీసేయమని ఏ ఇంట్లోనూ చెప్పకూడదని మీ టెక్నీషియన్లందరికీ రాతపూర్వకంగా తెలియజేసి, ఆ ప్రతి ఒకటి నాకు పంపండి. ఇదే టెక్నీషియన్ ఇటీవల ట్రిప్పింగ్ ఫిర్యాదు మీద వెళ్లిన ఇళ్లన్నిటికీ ఫోన్ చేసి, బ్రేకరు మార్పించారేమో కనుక్కోండి.

కొనుగోలు బిల్లు, జాబ్ షీటు, మెగ్గర్ రీడింగు ఫొటో ఈ లేఖతో జతచేశాను.

భవదీయుడు,
మీ వినియోగదారుడు