ఎందులో స్వయంసమృద్ధం? ఎంత మేరకు?

సంపాదకులకు,

వ్యవసాయ, ఆర్థిక వార్తల్లో స్వయంసమృద్ధ, స్వావలంబి, స్వయంపోషక, ఆత్మనిర్భర అనే విశేషణాలను ఒకదాని బదులు మరొకటి వాడేస్తున్నారు. దాంతో వార్తలోని విషయమే మారిపోతోంది.

స్వయంసమృద్ధం అనాలంటే తన అవసరానికి సరిపడా తానే పండించుకోవాలి. దీనికి లెక్క ఉంది. ఉత్పత్తికి దిగుమతులు కలిపి ఎగుమతులు తీసేస్తే దేశంలో వాడకానికి దొరికే సరుకు తేలుతుంది. ఆ సరుకుతో పోలిస్తే సొంత ఉత్పత్తి ఎంత శాతమో చూడాలి. 60 టన్నులు పండించి, 50 తెప్పించుకుని, 10 బయటికి పంపితే దొరికేది 100 టన్నులు, స్వయంసమృద్ధి 60 శాతం. ముడి పామాయిల్ తెప్పించి కాకినాడలో శుద్ధి చేసినంత మాత్రాన అది సొంత ఉత్పత్తి కాదు. లెక్క తప్పేది ఇలాంటి చోటే. మన దేశం బియ్యం ఎగుమతి చేస్తుంది, వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటుంది. అందుకే 'ఆహారంలో స్వయంసమృద్ధ దేశం' అన్న శీర్షిక బియ్యానికి చెల్లుతుంది, నూనెకు చెల్లదు. ఎందులో అన్నది చెప్పకుండా ఈ మాట వాడకూడదు.

స్వావలంబికి పంటతో పనిలేదు. కూలి డబ్బులతో బియ్యం కొనుక్కుని ఇల్లు నడుపుకునే మహిళ స్వావలంబి. బ్యాంకు అప్పు తీసుకుని, సొంత రాబడితో వాయిదాలు కట్టే పొదుపు సంఘానికీ ఈ మాటే తగును. స్వయంపోషక అన్నది జీవశాస్త్రంలో పచ్చని మొక్కలకు సరిగ్గా సరిపోతుంది. పాతకాలపు పల్లెలకూ దాన్ని తగిలిస్తారు గానీ, ఉప్పు బయటి నుంచి తెచ్చుకున్న ఊళ్లే ఎక్కువ.

ఇక ఆత్మనిర్భర. 2020 మే 12న 'ఆత్మనిర్భర భారత్'ను ప్రకటించిన ప్రధాని ప్రసంగం తర్వాత ఇది తెలుగు పత్రికల్లో బాగా కనిపిస్తోంది. హిందీలో నిర్భర్ అంటే ఆధారపడిన అని. మన కావ్యభాషలో నిర్భరం అంటే నిండైనది, మిక్కుటమైనది. ఆనందనిర్భరం అన్నది అలా వచ్చినదే. పథకం పేరైతే ఉన్నదున్నట్టు రాయండి. 'పప్పుల్లో ఆత్మనిర్భరం' అని మాత్రం వద్దు, స్వయంసమృద్ధం అంటే చాలు.

స్వ, అవలంబన కలిస్తే స్వావలంబన అవుతుంది, 'స్వాలంబన' కాదు. సమృద్ధిలో ద కింద ధ ఒత్తు ఉండాలి. స్వయంప్రతిపత్తి పూర్తిగా వేరు: అది నిర్ణయాధికారానికి సంబంధించిన మాట. నిధుల కోసం ప్రభుత్వంపై ఆధారపడే విశ్వవిద్యాలయానికి కూడా అది ఉండవచ్చు.

— ఒక తెలుగు అధ్యాపకుడు, తెనాలి