మూడు రూపాయల వడ్డీ

చిరంజీవి చిన్నోడికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోన్ చేసి పందొమ్మిది రోజులైంది. లెక్కపెట్టి కాదు, క్యాలెండర్ ఎదురుగా ఉంటుంది కదా. పారిస్‌లో చలి బాగా ఉందని టీవీలో చెప్పారు. మఫ్లర్ చుట్టుకుంటున్నావా, సూట్‌కేసులోనే ఉందా?

లూవ్ర్ మ్యూజియంలో కొన్నానని నువ్వు పంపిన కార్డు అందింది. క్వెంటిన్ మాసిస్ 1514లో వేసిన వడ్డీ వ్యాపారి, అతని భార్య. సోషల్ టీచర్‌కి నచ్చుతుందనే పంపావు. నచ్చింది. నాన్నగారి భూతద్దం పెట్టుకుని రెండు పూటలు చూశాను. అతను త్రాసులో నాణేలు తూస్తున్నాడు. ఆ రోజుల్లో బంగారు నాణేల అంచులు గీకేసేవాళ్లు, అందుకే తూచి గానీ తీసుకునేవాళ్లు కాదు. ఆ బొమ్మ వేసిన ఆంట్వెర్ప్ (ఇప్పటి బెల్జియంలో ఉంది) అంటే ఊరూరి డబ్బూ చేరే రేవు మరి, మన మలబారు మిరియాలు కూడా లిస్బన్ మీదుగా అక్కడికే పోయేవి. భార్య ప్రార్థన పుస్తకంలో పేజీ తిప్పుతోంది. పేజీలో మేరీమాత, ఒళ్లో బిడ్డ. ఆవిడ చూపు మాత్రం నాణేల మీదే!

మా అమ్మమ్మ అచ్చం ఇంతే. తాతయ్య అరుగు మీద కూర్చుని తాకట్టు బంగారం గురివింద గింజలతో తూచేవాడు. ఆవిడ స్తంభానికి ఆనుకుని భాగవతం చదివేది. గజేంద్ర మోక్షం నోట్లో, కన్ను త్రాసు ముల్లు మీద. ఒకసారి వెనకింటావిడ కూతురి పురుటికని చెవి కమ్మలు తెచ్చింది. నాకు ఎనిమిదేళ్లుంటాయి, పక్కనే జంతిక నములుతున్నాను. తాతయ్య తూచి రెండు గింజలు తగ్గించి చెప్పాడు. అమ్మమ్మకి తెలుసు, నేను ఆవిడ మొహం చూశాను. కానీ పేజీ తిప్పేసింది. నోటు మూడు రూపాయల వడ్డీకి రాశారు. రెండేళ్లు తిరిగేసరికి వడ్డీ అసలుని మింగేసి కమ్మలు మా ఇంట్లోనే ఉండిపోయాయి. వాటినే నా పెళ్లిలో నాకు పెట్టారు. బీరువాలో ఆ ఎర్ర డబ్బా ఎప్పుడూ తియ్యవేంటని చిన్నప్పుడు అడిగేవాడివి చూడు, అదే.

ఏదో మాటల్లో వచ్చిందిలే. రాజమండ్రి పిన్ని ఫోన్ చేసింది. వాళ్ల కింద ఫ్లాట్ వాళ్లబ్బాయి కొత్తగా అక్కడికి వచ్చాడట, రూము అడ్వాన్సుకి నువ్వే సర్దావట. మంచి పని. ఎంతకి సర్దావని నేను అడగలేదు. అదే చెప్పింది.

నెలకి నూటికి మూడంటే ఏడాదికి ముప్ఫయ్యారు, నాన్నా. నీకు లెక్కలు నేనే చెప్పాను.

ఇటలీలో పాడువా ఊళ్లో స్క్రోవెన్యీ చాపెల్‌కి ఎప్పుడైనా వెళ్తే పెద్ద గోడ మీద జొట్టో అనే పాతకాలపు చిత్రకారుడు వేసిన నరకం చూడు. వడ్డీ వ్యాపారుల్ని వాళ్ల డబ్బు సంచుల తాళ్లతోనే ఉరేశాడు. కట్టించినవాడి తండ్రి పేరుమోసిన వడ్డీ వ్యాపారి. ఆ పాపం కడుక్కోవడానికే కట్టించాడంటారు. తర్వాత మారినుస్ అనే ఆయన నీ కార్డులో బొమ్మనే మళ్లీ వేస్తూ భార్య చేతిలో ప్రార్థన పుస్తకం తీసేసి లెక్కల పుస్తకం పెట్టాడు. పాతికేళ్లు పట్టింది అంతే. లెక్చర్ ఇవ్వనని నాన్నగారికి మాటిచ్చి మొదలుపెట్టాను, చూశావా.

గోంగూర, కందిపొడి పార్సెల్ కట్టాను. ఆ అబ్బాయికీ ఒక సీసా వేరేగా పెట్టాను, పేరు రాసి ఉంది. నువ్వే స్వయంగా ఇవ్వు. ఇచ్చేటప్పుడు నోటు లాంటిదేమైనా రాయించుకుని ఉంటే అదీ ఇచ్చెయ్యి. పిన్ని చెప్పింది అబద్ధమైతే మరీ మంచిది, వెంటనే ఫోన్ చేసి నన్ను తిట్టు.

ఆదివారం తలంటుకో.

అమ్మ