చిత్రిక యంత్రం వదిలే గుర్తులు

సంపాదక మహాశయులకు,

నమస్కారం. చిత్రిక యంత్రంలో నుంచి వచ్చిన పలక మీద గరుకు గానీ చారలు గానీ కనిపిస్తే ఎమరీ కాగితంతో రుద్దేస్తే సరిపోతుందని మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసం సలహా ఇచ్చింది. చాలా ఏళ్లుగా ఈ పని మీదే బతుకుతున్నవాడిగా నేను దానితో ఏకీభవించలేకపోతున్నాను. రుద్దితే గుర్తు పోతుందే తప్ప, దాని కారణం యంత్రంలోనే ఉండిపోయి, వెనకాలే వచ్చే పలక మీద మళ్లీ పడుతుంది.

కత్తులు గుండ్రంగా తిరుగుతూ కోస్తాయి కాబట్టి యంత్రం తీసిన చెక్క ఎంత నునుపుగా తోచినా నిజానికి సన్నని అలల వరసే. మూడు కత్తులున్న కటర్ బ్లాక్ (కత్తులు బిగించి ఉండే, గుండ్రంగా తిరిగే దిమ్మ) నిమిషానికి 5000 చుట్లు తిరుగుతూ, పలక నిమిషానికి 6 మీటర్లు సాగితే, ఒక్కో అల 0.4 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. ఒక కత్తి మిగతా రెంటికంటే వెంట్రుకవాసి పైకి ఉంటే ఆఖరి కోత దానిదే అవుతుంది గనుక అల 1.2 మిల్లీమీటర్లకు పెరిగి కంటికి కనిపిస్తుంది. అప్పుడు చేయవలసింది కత్తుల ఎత్తు సరిచూడడం. నేను ఒకసారి తలుపు పలకలను ఇలాగే రుద్ది, అరచేతికి నునుపుగా తగిలాయని తృప్తిపడి పాలిష్ వేశాను. అది ఆరాక కిటికీ వెలుతురు ఏటవాలుగా పడేసరికి అలలన్నీ వరసగా మెరుస్తూ బయటపడ్డాయి. పాలిష్ అంతా గీకి మళ్లీ మొదటికి రావలసి వచ్చింది.

చెక్కకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది నార చిట్లడం. పలకను కంటి ఎత్తుకు లేపి పక్క అంచును చూస్తే నార గీతలు ఎటు వాలి ఉన్నాయో తెలుస్తుంది. అవి ముందు వెళ్లే కొస నుంచి వెనక కొస వైపు పైకి ఎక్కుతూ ఉండేలా పలకను పెడితే, ఆవు వీపును వెంట్రుకల వాలుకు నిమిరినట్టు కత్తి సాఫీగా సాగుతుంది. ఎదురుగా పెడితే కత్తి కంటే ముందే నార చీలి పెచ్చు లేస్తుంది. ముడి చుట్టూ, మెలిక నార ఉన్న కర్రలో వాలు అడుగడుగునా మారుతుంది కాబట్టి ఎటు పెట్టినా కొంత చోట ఎదురే పడుతుంది. అక్కడ కత్తికి కొత్త పదును పెట్టి, పలకను నెమ్మదిగా నడిపి, ఆఖరి కోతల్లో అర మిల్లీమీటరుకు మించకుండా తీయాలి. కోతకు ముందు పలకను తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే నార కొంత మెత్తబడుతుందని నా అనుభవం.

కొసల్లో పడే గుంటకు కారణం, కత్తులకు ముందూ వెనకా ఉండి పలకను నడిపే రెండు రోలర్లలో ఒక్కదాని పట్టులోనే పలక ఉన్నప్పుడు, పలక బరువుకు రెండో కొస కత్తుల మీదికి లేవడం. పొడుగు పలకకు రెండు వైపులా ఆసరా ఇచ్చి, పలకలను ఒకదాని వెనక ఒకటి ఆనించి పంపితే గుంట చాలావరకు తగ్గుతుంది. పొడుగునా ఒకే సన్నని గీత లేచి ఉంటే కత్తులకు గంటు పడిందని అర్థం. ఒక కత్తిని పక్కకు 1 మిల్లీమీటరు జరిపితే చాలు. పొట్టు సరిగా బయటికి పోనప్పుడు రోలరు దాన్ని చెక్కలోకి నొక్కి చిన్న చిన్న సొట్టలు చేస్తుంది. వాటిని మాత్రం ఎమరీతో అసలు ముట్టుకోకూడదు. అక్కడ నార తెగదు, నలుగుతుంది. చుట్టూ రుద్ది సమం చేశాక ఎప్పుడైనా తడి తగిలితే ఆ చోటే ఉబ్బి బొడిపె అవుతుంది. తడిగుడ్డ పరిచి వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే సొట్ట దానంతట అదే పైకి వస్తుంది. ఇక నూగులా లేచే గరుకు చాలాసార్లు పచ్చి కర్రది లేదా మొద్దుబారిన కత్తిది. ఇంట్లో వాడే సామానుకు కర్ర తడి 8 నుంచి 12 శాతానికి దిగాకే యంత్రమెక్కించడం మంచిది.

ఆ వ్యాసం చదివి పని నేర్చుకునే కుర్రవాళ్లు ఉంటారు గనుక, తరువాతి భాగంలో కత్తుల అమరిక గురించి వివరంగా రాయించవలసిందిగా కోరుతున్నాను. కత్తులను ముట్టుకునే ముందు కరెంటు ప్లగ్గు పీకి పక్కన పెట్టాలన్న మాట అందులో మొదటి వాక్యంగా ఉండాలి.

ఇట్లు,
ఒక వడ్రంగి