మాటకారే గెలవాలా? శనివారం ఆటల్లో కొత్త పద్ధతి

మన శనివారం రోల్ ప్లే ఆటలకు వచ్చేవాళ్లందరికీ నమస్తే. వచ్చే నెల నుంచి ఆటలో గొడవలు తేల్చే పద్ధతి మారుస్తున్నాం. టికెట్ కూడా నాలుగు వందల నుంచి అయిదు వందలు అవుతోంది. ఒకదాని వల్లే రెండోది కాబట్టి కలిపి చెబుతున్నాను.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. కింది హాల్లో టేబుల్ చుట్టూ కూర్చుని, డైస్ లేకుండా, కథ చెప్పుకుంటూ ఆడతాం. మేడ మీద వేషం కట్టి, తిరుగుతూ, పాత్రలా మాట్లాడుతూ ఆడతాం. దాన్ని లార్ప్ అంటారు. చిక్కు మాత్రం రెండు చోట్లా ఒకటే. ఇద్దరికీ ఒకటే కావాలి, ఇద్దరూ తగ్గరు. డైస్ ఉంటే వేసి తేల్చేస్తాం. లేనప్పుడు ఎలా?

మొన్న ఆడిన నాటక సమాజం కథే చూడండి. అప్పుల్లో మునిగిన సమాజం, తెల్లారితే చివరి ప్రదర్శన, కృష్ణుడి వేషం ఎవరిదన్నది గొడవ. పాత్రల కాగితాల ప్రకారం అందరికన్నా తెలివైనది హార్మోనిస్టు. ప్రతివాళ్ల గుట్టూ ఆమె చేతిలో ఉంది. కానీ ఆ పాత్ర తీసుకున్న అమ్మాయి నెమ్మదస్తురాలు, ఎదుటివాళ్లేమో గుక్క తిప్పుకోకుండా వాదించేవాళ్లు. ఆట అయ్యేసరికి హార్మోనిస్టును ఊరి నుంచే పంపించేశారు. పాత్రకున్న తెలివి ఒక్కసారి కూడా లెక్కలోకి రాలేదు. ఆ తర్వాత మీలో చాలామంది ఇదే రాశారు: "నోరున్నవాడిదే రాజ్యమైతే ఇక పాత్రలెందుకు?" నా బాధా అదే. డైస్ తీసేస్తే ఆ ఖాళీలోకి ఏదో ఒకటి వస్తుంది. మనం ఏ రూలూ పెట్టకపోతే నోరే వచ్చి కూర్చుంటుంది.

దీనికి దారి చూపించిన ఆట ఒకటుంది. 1991లో ఎరిక్ వూజిక్ తెచ్చిన ఆంబర్ డైస్‌లెస్. అందులో ప్రతి ఆటగాడికీ వంద పాయింట్లు ఇస్తారు. మనోబలం, దేహబలం, ఓర్పు, యుద్ధనైపుణ్యం, ఈ నాలుగింటికీ వేలంపాట పెడతారు. ఎక్కువ పాడినవాళ్లది ఆ గుణంలో మొదటి స్థానం. ఓడినవాళ్లు పాడిన పాయింట్లు కూడా వెనక్కి రావు, అందుకే వేలమే ఒక యుద్ధంలా సాగుతుంది. తర్వాత ఆటలో ఇద్దరు కత్తులు దూస్తే, వేరే ఏమీ మారనంత వరకు, యుద్ధనైపుణ్యంలో పై స్థానం ఉన్నవాళ్లే గెలుస్తారు. మరి రెండోవాడి గతేమిటి? అసలు ఆట అక్కడే మొదలవుతుంది. అతను పోరాటం తీరు మార్చాలి. కత్తి వదిలేసి కుస్తీకి దిగాలి, లేదా ఎదుటివాడు అలిసేదాకా సాగదీయాలి, లేదా తోడు తెచ్చుకోవాలి. బలహీనుడికి ఆలోచించే పని పెట్టిన ఈ రూల్ నాకు ఎంతో ఇష్టం.

మనం దీన్నే మన కథలకు తగ్గట్టు మార్చుకుంటున్నాం. నాటక సమాజానికైతే గొంతు, యుక్తి, ఓర్పు, పలుకుబడి. యుక్తిలో మొదటి స్థానం కొనుక్కున్నవాళ్లు మాటలు వెతుక్కోనక్కర్లేదు. "ఇతణ్ని ఒప్పించాలి" అని రిఫరీతో చెబితే చాలు. రిఫరీ స్థానాలు చూసి తేలుస్తారు. గొడవ యుక్తి మీదే ఉన్నంత వరకు ఎదుటివాళ్లు ఒప్పుకుని తీరాలి, ఎలా ఒప్పుకుంటారన్నది వాళ్ల ఇష్టం. ఏడుస్తూనా, పగబట్టా, నవ్వేసి వెళ్లిపోయా అన్నది ఓడినవాళ్ల చేతిలోనే ఉంటుంది. ఒప్పుకోవడం ఇష్టం లేకపోతే గొడవను యుక్తి నుంచి పలుకుబడికి లాక్కెళ్లవచ్చు, ఊరి పెద్దను పిలిపించవచ్చు.

"అయితే ఇక నటన ఎందుకు?" అని పాతవాళ్లు కొందరు అడిగారు. ఎవరు గెలిచారన్నది స్థానం చెబుతుంది, ఆ గెలుపు ఎలా ఉందన్నది నటనే చూపించాలి. "ముందే తెలిసిపోతే టెన్షన్ ఏముంటుంది?" అన్న ప్రశ్న మాత్రం సరైనదే. అందుకే వేలం అయ్యాక మిగిలిన పాయింట్లతో రహస్యంగా స్థానం పెంచుకోవచ్చు. ఇది కూడా ఆంబర్ నుంచి తీసుకున్నదే. మొదటి స్థానం ఎవరిదో అందరికీ తెలుస్తుంది, రెండోవాడు ఎంత దగ్గరికొచ్చాడో తెలియదు.

మేడ మీద ఆటలో స్టోన్ పేపర్ సిజర్స్‌ను పూర్తిగా తీసెయ్యడం లేదు. 1993లో వచ్చిన మైండ్స్ ఐ థియేటర్ అనే రక్తపిశాచుల లార్ప్ ఆటలు దాని మీదే నడిచాయి. ఒకరినొకరు ముట్టుకోకుండా, నిలబడ్డ చోటే తేలిపోతుంది. తలుపు తీయగలిగానా, పారిపోగలిగానా లాంటి చిన్న విషయాలకు అది చాలు. కానీ రెండు గంటలు పెంచుకున్న పగ చిన్నపిల్లలు పంటలు వేసుకున్నట్టు తేలిపోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పెద్ద గొడవలకు స్థానాలే.

ఇక పాత్రల మధ్య కాకుండా మనుషుల మధ్య వచ్చే గొడవ. ఇది అన్నిటికన్నా ముఖ్యం. నార్డిక్ దేశాల లార్ప్‌లలో వాడే రెండు మాటలు మనమూ వాడదాం. ఎవరైనా "కట్" అంటే ఆట అంతా ఆగిపోతుంది. "మెల్లగా" అంటే ఆట ఆగదు, ఎదుటివాళ్లు జోరు తగ్గించాలి. కారణం అడగకూడదు, తర్వాత కూడా. పాత్ర తిట్టిన తిట్టు మనిషికి తగిలిందని మీకు అనిపిస్తే చాలు, ఆ మాట వాడండి. "కట్" అన్నందుకు ఎవరైనా వెక్కిరిస్తే ఆ రోజుకు వాళ్ల ఆట అయిపోయినట్టే. పాత స్నేహితులైనా సరే, నేను చూసీచూడనట్టు వదిలెయ్యను.

ఇదంతా ఒక్క రిఫరీతో అయ్యే పని కాదు. మేడ మీద ఇకనుంచి ఇద్దరుంటారు, పెరిగిన వంద రెండో రిఫరీ జీతానికే పోతుంది. ముందే టికెట్ కొన్నవాళ్లు పాత ధరకే ఆడతారు. ఈ పద్ధతి నచ్చక డబ్బు వెనక్కి కావాలన్నవాళ్లకు శుక్రవారం రాత్రి దాకా పూర్తిగా ఇచ్చేస్తాను. డైస్ శబ్దం లేకపోతే తోచనివాళ్లకు బుధవారం టేబుళ్లు ఎప్పట్లాగే ఉంటాయి.

వేలంపాట సాయంత్రం అయిదున్నరకు మొదలవుతుంది, ఆట ఆరున్నరకు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు వేలంలో మిగిలిన స్థానాలే దొరుకుతాయి. పాత్రల కాగితాలు గురువారం వాట్సాప్‌లో పంపుతాను, ఒకసారి చదువుకుని రండి.