వెంకటేశ్, వ్యంకటేశ్ ఇద్దరా?

సంపాదకులకు,

చదువు సర్టిఫికెట్లను బ్లాక్‌చైన్ (ఒకసారి రాసింది మళ్లీ మార్చడం కుదరని, గొలుసులా అల్లిన డిజిటల్ పద్దు) ఎక్కిస్తే నకిలీల బెడద తీరుతుందన్న మాట ఈమధ్య తరచుగా వినబడుతోంది. మహారాష్ట్రలోని మా గడ్చిరోలి జిల్లాకు ఇది కొత్త సంగతేమీ కాదు. 2022లో ఏటాపల్లి ప్రాంతంలో 65 వేల కుల ధ్రువీకరణ పత్రాలను పాలిగాన్ అనే బ్లాక్‌చైన్‌తో ముడిపెట్టే పని చేపట్టారు. అంతకు ముందు ఏడాదే మహారాష్ట్ర నైపుణ్యాభివృద్ధి బోర్డు తన డిప్లొమాలకు ఇథీరియం అనే మరో బ్లాక్‌చైన్‌ను ఎంచుకుంది. అయితే తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచ వైపు తెలుగు పిల్లలకు నకిలీల కన్నా పెద్ద చిక్కు పేరు దగ్గరే వస్తోంది.

ఇంట్లో వెంకటేశ్, మరాఠీ బడి రిజిస్టరులో వ్యంకటేశ్. శ్రీనివాస్‌కు ఇంగ్లిష్‌లో ఒకచోట ‘హెచ్’ ఉంటుంది, ఇంకోచోట ఉండదు. మహారాష్ట్ర బోర్డు మార్క్‌షీట్‌లో ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు, ఆపైన తండ్రి పేరు. గోదావరి వంతెన దాటి తెలంగాణలోని కాళేశ్వరం వైపు వెళితే ఆ ఇంటిపేరు కాస్తా ఒక పొడి అక్షరం. ఇక్కడి దాఖలా అక్కడ టీసీ, ఇక్కడి మార్క్‌షీట్ అక్కడ మెమో. మనుషులు ఎలాగో పోల్చుకుంటారు గానీ కంప్యూటర్‌కు వాళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు. విద్యార్థికి ఇచ్చే 12 అంకెల గుర్తింపు సంఖ్య అపార్ ఐడీ రాకపోవడానికీ, ప్రభుత్వ డిజిటల్ పత్రాల ఖాతా డిజిలాకర్‌లో మార్క్‌షీట్ దొరకకపోవడానికీ ఇదొక పెద్ద కారణం.

ఈ ముడిని బ్లాక్‌చైన్ విప్పదు. అందులో సర్టిఫికెట్‌ను దాచరు, దాని నుంచి లెక్కగట్టిన 64 అక్షరాల హ్యాష్‌ను, అంటే వేలిముద్ర లాంటి గుర్తును, మాత్రమే వాడతారు. ఒక్క చుక్క మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. వెయ్యి సర్టిఫికెట్ల హ్యాష్‌లను జతలు జతలుగా కలుపుకుంటూ పోయి చివరికి మిగిలిన ఒక్కదాన్నే గొలుసులో రాస్తారు కనుక ఖర్చు తక్కువ. అందులో ఒక సర్టిఫికెట్‌ను సరిచూడడానికి పదో పదకొండో హ్యాష్‌లు చాలు. దీనివల్ల తేలేది ఒక్కటే: ఈ కాగితం ఫలానా రోజున ఫలానా సంస్థ పేరు మీద ఇలాగే ఉంది, తర్వాత ఎవరూ మార్చలేదు. వ్యంకటేశ్ అని ఎక్కిస్తే వ్యంకటేశ్‌గానే చెక్కుచెదరకుండా ఉంటుంది!

తప్పు దిద్దాలంటే పాతదాన్ని చెరపడం కుదరదు. పాతది రద్దయిందని ఒక నమోదు, సరిచేసినదానికి కొత్త హ్యాష్ కావాలి. ఈ రద్దు జాబితాను సరిగ్గా నడపకపోతే రెండు సర్టిఫికెట్లూ ‘అసలువే’ అని తేలతాయి. పేర్ల సవరణలు ఎక్కువగా ఉండే సరిహద్దు తాలూకాల్లో అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే, ఎవరూ అడగడం లేదు.

సంతకం ఉన్న డిజిటల్ ప్రతి ఇప్పటికే డిజిలాకర్‌లో దొరుకుతుంది, చట్టప్రకారం అది అసలుతో సమానం. మరి బ్లాక్‌చైన్ ఎందుకంటే, లోపలివాళ్లే పాత తేదీ వేసి కొత్త డిగ్రీ పుట్టించకుండా అడ్డుకోవడానికి. నిన్న లేని హ్యాష్‌ను పోయినేడాది గొలుసులోకి ఎవరూ దూర్చలేరు. అయితే ఆ గొలుసు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ సొంత సర్వర్లలోనే నడుస్తుంటే ఈ భరోసా సగానికి సగం పోయినట్టే. క్యూఆర్ కోడ్ ఒక ప్రైవేటు కంపెనీ వెబ్‌సైట్‌కే తీసుకెళ్తుంటే, ఆ కంపెనీ మూతపడిన రోజున గొలుసు ఉన్నా దారి ఉండదు. ఇంకొకటి: హ్యాష్ అసలు ఫైలుకే కుదురుతుంది. జిరాక్స్ సెంటర్‌లో ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేసినది ఎప్పుడూ ‘సరిపోలలేదు’ అనే వస్తుంది. పిల్లలు ఫైలును ఫైలుగానే దాచుకోవాలని చెప్పేవాళ్లు లేరు.

నైపుణ్యం సంగతి ఇంకా లోతైనది. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పాసయ్యాడని ఐటీఐ సర్టిఫికెట్ చెబుతుంది. మోటారు వైండింగ్ చేయగలడా, త్రీఫేజ్ ప్యానెల్ వైరింగ్ వచ్చా అని మంచిర్యాలలోనో కరీంనగర్‌లోనో పనిచ్చేవాడు మళ్లీ పరీక్ష పెట్టుకుంటాడు. 2023 నాటి జాతీయ క్రెడిట్ విధానంలో 30 గంటల అభ్యాసానికి ఒక క్రెడిట్. గంటలు లెక్కపెట్టినంత మాత్రాన చేతిపని తెలియదు కదా. ఏ పని చేయించారు, ఎవరు పరీక్షించారు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి యూనిట్‌కు యూనిట్ నమోదైతే ఆ హ్యాష్‌కు విలువ. హాజరు పట్టీ చూసి వేసిన మార్కులను బ్లాక్‌చైన్ ఎక్కించినా అవి హాజరు పట్టీ మార్కులే.

అందుకని జిల్లా విద్యాధికారులకు ఒక విజ్ఞప్తి. పదో తరగతి దరఖాస్తుల తర్వాత సరిచూసుకోవడానికి వచ్చే విద్యార్థుల వివరాల జాబితా ప్రీ-లిస్ట్‌ను బడి జనరల్ రిజిస్టర్‌తో, ఆధార్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగు తెలిసిన ఒక ఉపాధ్యాయుడు పేరును పైకి చదవాలి, పిల్లవాడూ తల్లిదండ్రులూ విని సంతకం పెట్టాలి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ అక్షరం అక్షరం చెప్పించాలి. తేడా ఉంటే ఆ దశలోనే దిద్దాలి. మార్క్‌షీట్ అచ్చయ్యాక నాగ్‌పూర్ డివిజనల్ బోర్డు దాకా కాగితాలు నడవాలి, ప్రధానోపాధ్యాయుడి చేతిలో ఏమీ ఉండదు. సర్టిఫికెట్లను గొలుసుకు ఎక్కించడం ఆ తర్వాతి పని.

— కొందరు పాఠకులు,
సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర