సియాటిల్ నుంచి రామానికి

ప్రియమైన రామం,

నీ ఉత్తరం అందింది. 2023 అక్టోబరు 17న మన సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలను గుర్తించడానికి నిరాకరించినప్పటి నుంచి, ఆ కేసులో ముందు నిలబడిన హైదరాబాదు జంటను తలుచుకుని నువ్వు బాధపడుతూనే ఉన్నావు. మా వాషింగ్టన్ రాష్ట్రంలో ఇది ఎలా సాధ్యమైందని అడిగావు కాబట్టి, కళ్ళారా చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఈ రాష్ట్రం మొదటి నుంచీ ఉదారంగా ఉందనుకోకు. వివాహమంటే ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్య జరిగేదేనని 1998లో ఇక్కడి శాసనసభ చట్టం చేసింది. గవర్నర్ గ్యారీ లాక్ (ఇక్కడి గవర్నరు మన ముఖ్యమంత్రి వంటివారు) వీటో చేసినా, సభ్యులు దాన్ని తోసిపుచ్చి నెగ్గించుకున్నారు. ఉద్యోగంలో, అద్దె ఇంట్లో వివక్ష కూడదనే బిల్లేమో 1970ల నుంచి సభకు వస్తూ, వీగిపోతూ ఉండేది. 2005లో సెనేట్‌లో ఒక్క ఓటుతో ఓడింది. ఆనాడు వ్యతిరేకించిన రిపబ్లికన్ సభ్యుడు బిల్ ఫింక్‌బైనర్ మరుసటి ఏడాది మనసు మార్చుకోవడంతో 25-23తో గెలిచింది.

అప్పట్లో నా పక్క సీటు మిత్రుడు తన సహచరుడి ఫొటోను బల్ల సొరుగులో, స్టేప్లర్ పిన్నుల డబ్బా కింద దాచుకునేవాడు. అంతకుముందు వేరే రాష్ట్రంలో ఒక ఇంటి యజమాని, వాళ్ళిద్దరి సంగతి తెలిసిన నెలలోనే ఇల్లు ఖాళీ చేయించాడట. 2006 జూన్‌లో చట్టం అమల్లోకి వచ్చిన కొన్నాళ్ళకు ఆ ఫొటో బల్లమీదికి చేరింది. సొరుగులో నలిగి ఒక మూల మడత పడిన ఆ ఫొటో ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

అదే వేసవిలో, జూలైలో, రాష్ట్ర సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో 1998 వివాహ చట్టాన్ని సమర్థించింది. ఉద్యోగానికి రక్షణ దొరికింది కానీ పెళ్ళికి దొరకలేదు. అయినా ఆ వరుసే మేలు చేసిందని నా గట్టి నమ్మకం. బతుకుతెరువు పోతుందన్న భయం తీరినవాళ్ళే ఆ తర్వాత ఇరుగుపొరుగుతో తమ గురించి నోరువిప్పి మాట్లాడగలిగారు. 2015లో దేశమంతటా వివాహ హక్కు వచ్చాక కూడా, పెళ్ళి ఫొటో ఆఫీసులో చూపించినందుకు ఉద్యోగం పోతే ఆదుకునే రాష్ట్ర చట్టం లేని చోట్లు ఎన్నో మిగిలాయి. ఆ లోటును ఫెడరల్ సుప్రీంకోర్టు 2020లో గానీ పూడ్చలేదు.

2012 ఫిబ్రవరిలో గవర్నర్ క్రిస్టీన్ గ్రెగ్వార్ వివాహ బిల్లుపై సంతకం చేశారు. వ్యతిరేకులు దాన్ని ప్రజల ఓటుకు లాగినా, నవంబరులో దాదాపు 54 శాతం మంది చట్టం వైపే నిలిచారు. డిసెంబరు 6న లైసెన్సులు ఇచ్చారు. మూడు రోజుల గడువు తీరాక, 9వ తేదీ ఆదివారం నాడు నా మిత్రుడి పెళ్ళి జరిగింది. ఇద్దరు సాక్షుల్లో నేనొకణ్ణి. సంతకం పెడుతుంటే నా చెయ్యి వణికింది రామం.

పెళ్ళి విషయాన్ని మన కోర్టు పార్లమెంటుకు వదిలింది సరే, అద్దె ఇళ్ళ చట్టాలు రాష్ట్ర శాసనసభల చేతిలోనివే కదా! నువ్వు వకీలువి. తెలంగాణకు సరిపోయేలా ఒక ముసాయిదా రాయడానికి పూనుకుంటానంటే, ఇక్కడి 2006 చట్టం ప్రతిని ఈ వారమే పంపుతాను.

నీ
శ్రీనివాసు