నిమ్మకాయ

ఒసేయ్ సుజాతా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటే అంటావు. ఫోన్లో మాట్లాడితే మా ఆయన పక్కనే ఉంటాడు, ఈ సంగతి ఆయన చెవిన పడకూడదు.

మా చర్చి వెనక సండే స్కూల్ గది గుర్తుందా, చిట్టి కుర్చీలు, గోడమీద నోవహు ఓడ బొమ్మ? శనివారం సాయంత్రాలు నేనూ పాస్టరమ్మగారూ అక్కడే కూర్చుంటున్నాం. కౌన్సెలింగ్ అని పెద్ద పేరు పెట్టాం గానీ, ఏడ్చుకోడానికో చోటు, అంతే.

పోయిన వారం ఓ పిల్ల వచ్చింది. 19 ఏళ్లు. ఎవరి పిల్లో నీకు కూడా చెప్పను, ఏమనుకోకు. పెళ్లి కాలేదు, రెండో నెల దాటింది. గుమ్మంలోనే నిలబడి చున్నీ కొస వేలికి చుట్టుకోవడం, విప్పుకోవడం. టీ ఇచ్చామా, ఆ వాసనకే వాంతి ఆపుకోలేక బయటికి పరుగెత్తింది. పాస్టరమ్మగారు బైబిలు తెరవలేదు, ప్రార్థన చేద్దాం అనలేదు. నిమ్మకాయ కోసి చేతిలో పెట్టి, "వాసన చూడమ్మా, మా పెద్దాడప్పుడు నాకిదే దిక్కు" అన్నారు. పిల్ల నవ్విందే! ఆ తర్వాత అరగంట ఏడ్చింది.

నాలుగేళ్ల కిందట నేనేం చేశానో తెలుసా? ఇలాగే వచ్చిన ఓ అమ్మాయికి, కూర్చోకముందే బైబిలు వాక్యం ఎత్తుకున్నాను. "ఎవరమ్మా వాడు?" అని కూడా అడిగాను. "వస్తానాంటీ" అని లేచిపోయింది. మళ్లీ కనబడలేదు. ఏ మందుల షాపులో మాత్రలు కొని మింగిందో ఏమో.

ఈ పిల్లకి పాస్టరమ్మగారు చెప్పింది బైబిల్లోని ఒక్క హాగరు కథే. కడుపుతో ఎడారిలోకి పారిపోయిన దాసిని దేవదూత తిట్టలేదు, ఎక్కణ్ణుంచి వచ్చావు, ఎక్కడికెళ్తావు అనడిగాడు. (ఆ తర్వాత యజమానురాలి దగ్గరికే వెళ్లి అణిగి ఉండమన్నాడు, అది నాకిప్పటికీ మింగుడు పడదులే.) పిల్ల ఠక్కున "నాకెళ్లడానికి చోటే లేదాంటీ" అంది.

నువ్వు చెప్పిన చట్టం సంగతులన్నీ కాగితమ్మీద రాసుకుని చదివి వినిపించాను. గర్భం తీయించుకోవాలంటే, 18 నిండాయి కాబట్టి తన సంతకం చాలు. 20 వారాల లోపు ఒక డాక్టరు సరేనంటే చాలు. 2021లో చట్టం మార్చాక పెళ్లి కాలేదన్న అడ్డం లేదు. పేరు బయటపెడితే డాక్టరుకే శిక్ష. కని పెంచలేనంటే బిడ్డని శిశు సంక్షేమ కమిటీకి అప్పగించొచ్చు, మనసు మారితే వెనక్కి తీసుకోడానికి 60 రోజుల గడువుంది.

సంఘపెద్ద ఒకాయనకి ఈ కాగితం సంగతి తెలిసి, "చర్చిలో కూర్చుని గర్భస్రావం గురించి చెప్తారా?" అని మండిపడ్డారు. నాకు మాత్రం ఇష్టమా? కడుపులో బిడ్డ దేవుడిచ్చిందనే నమ్ముతాను. కానీ ఉన్న దారులు దాచిపెట్టి ఒప్పించడం మోసమండీ అన్నాను. అప్పట్నుంచీ మాటల్లేవు. క్రిస్మస్‌కైనా కేకు ముక్క పంపిస్తారేమో చూడాలి.

పిల్ల ఇంకా ఏదీ తేల్చుకోలేదు. ఉంచుకోమనీ వద్దనీ అనకుండా నోరు కట్టేసుకున్నాను, నా నోటి సంగతి నీకు తెలుసుగా! వాళ్లమ్మకి చెప్పేటప్పుడు పక్కన ఉండమంది. వెళ్తున్నాను.

మీ ఆసుపత్రిలో లేడీ డాక్టరు ఏ రోజుల్లో ఉంటారో వెంటనే రాయి. చర్చి అడ్రసుకే రాయి. మెసేజ్ మాత్రం పెట్టకు తల్లీ, మా ఆయన నా ఫోన్లోనే క్రికెట్ చూస్తాడు.

నీ కరుణ